ఆదివారం బడి వల్ల భాష వస్తుందా?

అమెరికాలో ఉన్న మన మిత్రులు ఎవరితో మాట్లాడినా పది నిమిషాల్లో మాట పిల్లల తెలుగు మీదికి వస్తుంది. కొంతమంది పిల్లల్ని వారాంతపు తెలుగు బడికి పంపిస్తారు. కొంతమంది "అదంతా దండగ" అంటారు. రెండో వర్గం వాదన సూటిగానే ఉంటుంది. వారానికి రెండు గంటలు కూర్చోబెడితే భాష వచ్చేస్తుందా? అ ఆలు వస్తాయి, రెండు పద్యాలు వస్తాయి, వార్షికోత్సవంలో స్టేజీ ఎక్కి అప్పజెబుతారు, మనం ఫోటోలు తీసుకుంటాం. కారెక్కగానే మళ్ళీ ఇంగ్లీషే. మన సాఫ్టువేరు లెక్కల్లో చెప్పాలంటే పెట్టుబడికి తగ్గ రాబడి లేదు.

నేనుండేది పటాన్‌చెరు దగ్గర. పుట్టి పెరిగింది సంగారెడ్డిలో. మరి ఈ గోల నాకెందుకు అంటారా? రెండు కారణాలు. ఒకటి, కొన్నేళ్ళ క్రితం ఆన్‌సైటు పని మీద సియాటిల్‌లో ఉన్నప్పుడు, వందేళ్ళు దాటిన ఇలాంటి బడి ఒకదాన్ని చూశాను. రెండు, మా కాలనీలో ఈ మధ్య ఒక తగువు మొదలైంది. తగువు సంగతి తర్వాత. ముందు బడి కథ చెప్పనివ్వండి, అది తెలియకపోతే తగువులో నా పక్షం ఏమిటో అర్థం కాదు.

మైక్రోసాఫ్టు, అమెజాన్ల పుణ్యమా అని సియాటిల్ పరిసరాల్లో తెలుగువాళ్ళకి కొదవ లేదు. రెడ్మండ్, బెల్వ్యూ అంటే మనవాళ్ళకి కూకట్‌పల్లి, మియాపూర్ లాగా అయిపోయాయి. కానీ సియాటిల్ ఊళ్ళో వెల్లర్ వీధిలో ఉన్న ఆ పాత భవనం సంగతి మనలో ఎంతమందికి తెలుసో అనుమానమే. అది జపాన్ నుంచి వలస వచ్చినవాళ్ళు తమ పిల్లల కోసం పెట్టుకున్న జపనీస్ భాషా పాఠశాల. 1902లో మొదలైంది. ఆ వీధిలో సొంత భవనం 1913లో కట్టుకున్నారు. అమెరికా ప్రధాన భూభాగంలో ఇప్పటికీ నడుస్తున్న జపనీస్ బడుల్లో అన్నిటికంటే పాతది ఇదేనంటారు.

వాళ్ళెవరో తెలుసా? రైలు పట్టాలు వేసినవాళ్ళు, కోత మిల్లుల్లో పనిచేసినవాళ్ళు, చేపల డబ్బాల ఫ్యాక్టరీల్లో కూలీలు, కూరగాయలు పండించి అమ్ముకున్నవాళ్ళు. చాలామంది అనుకున్నది ఒకటే: నాలుగేళ్ళు కష్టపడి నాలుగు డబ్బులు వెనకేసుకుని తిరిగి వెళ్ళిపోదాం. ఎక్కడో విన్నట్టు లేదూ! తిరిగి వెళ్ళాక పిల్లలు అక్కడి బడిలో చేరాలి కదా, అందుకని భాష నేర్పించాలి. బడి పుట్టింది ఆ అవసరంలోంచి. తీరా చూస్తే వెళ్ళినవాళ్ళు కొందరే. పిల్లలు అక్కడే పుట్టారు, అక్కడే పెరిగారు. మొదట అనుకున్న కారణం పోయింది కానీ బడి మాత్రం పోలేదు. 1930ల నాటికి వెయ్యికి పైగా పిల్లలయ్యారు.

మన బడుల్లాగా వారానికి రెండు గంటలు కాదండోయ్. రోజూ ఇంగ్లీషు బడి అయిపోయాక, మిగతా పిల్లలు ఆడుకుంటుంటే, వీళ్ళు మళ్ళీ సంచీ తగిలించుకుని ఇక్కడికి రావాలి. అలా ఏళ్ళ తరబడి. ఈ బడిలో చదువుకున్న మోనికా సోనే అనే ఆవిడ 1953లో 'నీసే డాటర్' అని తన కథ రాసింది. జపనీస్ బడికి పంపిస్తామని ఇంట్లో చెప్పినప్పుడు ఆ పిల్లకేమీ సంబరం కలగలేదు. మన పిల్లల మొహాలు ఎలా ఉంటాయో అలాగే.

ఆ తల్లిదండ్రుల పరిస్థితి కూడా కొంచెం చెప్పాలి. వాళ్ళకి అమెరికా పౌరసత్వం రాదు. తెల్లవాళ్ళు కాదు కాబట్టి జపనీయులు పౌరులు కాలేరని 1922లో ఒజావా కేసులో అక్కడి సుప్రీంకోర్టు తేల్చేసింది. మరుసటి ఏడాది, అంటే 1923లో, భగత్ సింగ్ తింద్ అనే పంజాబీ కేసులో మన భారతీయులకీ అదే తీర్పు ఇచ్చింది. (గ్రీన్‌కార్డు క్యూ చూసి ఉసూరుమనేవాళ్ళు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. అప్పట్లో క్యూ కూడా లేదు!) పౌరసత్వానికి అర్హత లేనివాడు భూమి కొనకూడదని వాషింగ్టన్ రాష్ట్రం 1921లో చట్టం చేసింది. 1924లో జపాన్ నుంచి వలసలే ఆపేశారు. భూమి మీద హక్కు లేదు, ఓటు లేదు. అలాంటి మనుషులకి నలుగురూ కలిసి నిలబెట్టుకున్న ఒక భవనం ఉండటం అంటే ఏమిటో ఆలోచించండి.

బడుల మీద అనుమానం కూడా అప్పుడే మొదలైంది. "ఇక్కడికొచ్చి ఇంకా వాళ్ళ భాష ఏమిటి, పిల్లలకి జపాన్ చక్రవర్తి మీద భక్తి నూరిపోస్తున్నారు" అని. హవాయిలో పరభాషా బడులు 163 ఉండేవి. అందులో కొరియన్‌వి 9, చైనీస్‌వి 7, మిగతా 147 జపనీస్‌వే. పర్మిట్లు, ఫీజులు, ఎన్ని గంటలు చెప్పాలి, ఏ పుస్తకం చెప్పాలి, పంతులుకి ఏయే అర్హతలుండాలి అని వాటి మీద రూళ్ళ మీద రూళ్ళు పెట్టారు. బడులవాళ్ళు కోర్టుకెళ్ళారు. 1927లో సుప్రీంకోర్టు బడుల పక్షాన తీర్పు చెప్పింది, పిల్లలకి ఏం నేర్పించాలో నిర్ణయించుకునే హక్కు తల్లిదండ్రులది అని. పౌరులు కూడా కాలేనివాళ్ళు పంతుళ్ళ జీతాలకే తడుముకుంటూ అంత పెద్ద కోర్టు దాకా వెళ్ళి గెలవటం.. మామూలు విషయం కాదు.

1941 డిసెంబరు 7న జపాన్ పెర్ల్ హార్బరు మీద బాంబులు వేసింది. ఇక చూసుకోండి. సంఘ పెద్దల్నీ, బౌద్ధ గురువుల్నీ, భాషా బడుల పంతుళ్ళనీ ఎఫ్బీఐ వాళ్ళు వచ్చి పట్టుకెళ్ళారు. సియాటిల్ బడి మూతపడింది. 1942 ఫిబ్రవరిలో రూజ్‌వెల్టు సంతకం పెట్టిన ఉత్తర్వుతో పశ్చిమ తీరంలో ఉన్న జపాన్ సంతతి వాళ్ళందర్నీ, సుమారు 1,20,000 మందిని, శిబిరాల్లో పడేశారు. అందులో మూడింట రెండు వంతుల మంది అమెరికాలో పుట్టిన పౌరులే. సియాటిల్ నుంచి వెళ్ళిన సుమారు 7,000 మందిని మొదట ప్యూయలప్ అనే ఊళ్ళో జాతర మైదానంలో ఉంచి, తర్వాత ఐడహోలోని మినిడోకా శిబిరానికి తరలించారు. మనిషికి చేతులతో మోయగలిగినంత సామాను. అంతే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఈ బడుల వల్ల భాష వచ్చిందా?

దీనికి జవాబు అమెరికా సైన్యమే లెక్కగట్టి పెట్టింది. జపాన్‌తో యుద్ధం తప్పదని అనిపించాక సైన్యానికి జపనీస్ తెలిసినవాళ్ళు కావలసి వచ్చారు. అప్పటికే సైన్యంలో ఉన్న జపాన్ సంతతి కుర్రాళ్ళు సుమారు 3,700 మందిని పరీక్షించారు. అందరి ఇళ్ళలోనూ జపనీసే, చాలామంది ఏళ్ళ తరబడి భాషా బడికి వెళ్ళినవాళ్ళే. భాష బాగా వచ్చినవాళ్ళు ఎంతమంది తేలారో తెలుసా? 100కి 3. ఫరవాలేదు అనిపించేవాళ్ళు ఇంకో నలుగురు. చాలాకాలం శిక్షణ ఇస్తే పనికొస్తారనుకున్నవాళ్ళు మరో ముగ్గురు. మిగతా తొంభై మంది సంగతి సరేసరి. వీళ్ళా చక్రవర్తికి గూఢచారులు! బడుల మీద అన్నేళ్ళు పడ్డ అనుమానం అంతా ఆ లెక్కతో నవ్వులపాలైపోయింది. అయినా శిబిరాలు ఆగలేదనుకోండి, అది వేరే విషయం.

సైన్యం చివరికి 1941 నవంబరులో సొంతంగా ఒక జపనీస్ బడి పెట్టుకోవలసి వచ్చింది. యుద్ధం అయ్యేసరికి అందులోంచి ఆరు వేల మంది దాకా బయటికి వచ్చారు. ఖైదీల్ని ప్రశ్నించడం, పట్టుబడ్డ కాగితాలు చదవడం వాళ్ళ పని. అమ్మానాన్నలు ముళ్ళకంచె లోపల, కొడుకు సైన్యంలో అనువాదకుడు.

సరే, 100కి 3. మన మిత్రుల 'దండగ' వాదం రుజువైపోయినట్టే కదా? రోజూ వెళ్ళినవాళ్ళకే అంత వస్తే, వారానికోసారి వెళ్ళే మన పిల్లలకి ఎంత వస్తుంది?

అక్కడే ఆగండి. యుద్ధం అయిపోయాక 1945లో శిబిరాల తలుపులు తెరిచారు. ఎక్కడికి వెళ్ళాలి? అద్దె ఇళ్ళు ఎప్పుడో చేజారిపోయాయి, కొట్లు పోయాయి, ఊళ్ళో అద్దెకిచ్చేవాడు లేడు. అప్పుడు వెల్లర్ వీధిలో ఆ బడి మిగిలి ఉంది. తరగతి గదికో కుటుంబం చొప్పున దిగారు. వంటకి, స్నానానికి అందరికీ ఉమ్మడి ఏర్పాటు. నల్లబల్ల ఉన్న గోడ పక్కన మంచం. మినిడోకా శిబిరం పోస్టాఫీసు పేరు హంట్. అందుకని ఆ బడికి 'హంట్ హోటలు' అని పేరు పడింది. ఒకటీ రెండూ కాదు, 1959 దాకా ఎవరో ఒకరు అక్కడ తలదాచుకుంటూనే ఉన్నారు. వాళ్ళింకా ఉండగానే 1956లో బడి మళ్ళీ మొదలైంది. 1982లో ఆ భవనాన్ని జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. 2003లో బడిని కలుపుకుని వాషింగ్టన్ రాష్ట్ర జపనీస్ సాంస్కృతిక కేంద్రం ఏర్పడింది. ఇప్పుడు అక్కడ జపనీస్ నేర్చుకునేవాళ్ళలో జపాన్‌తో ఏ చుట్టరికమూ లేనివాళ్ళు కూడా ఉంటారు.

నేను ఆ మెట్ల మీద నిలబడ్డప్పుడు నాకు అనిపించింది ఇదీ: మనం తప్పుడు మెట్రిక్ పట్టుకుని కూర్చున్నాం. ఆఫీసులో ఎన్నిసార్లు చూడలేదు! కొలవడానికి వీలైనదాన్ని కొలిచేసి, దాన్నే విలువ అనుకుంటాం. బడిలో ఎంతమందికి భాష వచ్చిందనేది కొలవొచ్చు. నెత్తి మీద కప్పు పోయిన రోజున వెళ్ళి తలుపు తట్టడానికి ఒక చోటుందా అనేది ఏ డాష్‌బోర్డులోనూ కనపడదు. భాష పేరు చెప్పి నలుగురూ ప్రతి వారం ఒకచోట చేరటం, చందాలు వేసుకోవటం, తాళంచెవి ఎవరి దగ్గరుందో అందరికీ తెలిసి ఉండటం.. ఆ బడి అసలు సంపాదించింది అదీ.

మన తెలుగువాళ్ళలో కూడా ఇలాంటి కథ ఉంది. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నెటాల్‌కి చెరకు తోటల కూలీలుగా వెళ్ళినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. 1931లో వాళ్ళు ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఇవాళ అక్కడి మునిమనవలు ఇంట్లో మాట్లాడేది చాలామటుకు ఇంగ్లీషే. భాష లెక్కన చూస్తే ఓడిపోయినట్టే. కానీ 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగం తీసి చూడండి. ఆరో సెక్షనులో, ఆదరించి ప్రోత్సహించాల్సిన భాషల జాబితాలో, తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూల సరసన తెలుగు పేరు కూడా ఉంటుంది. పట్టుమని పది తెలుగు వాక్యాలు మాట్లాడలేనివాళ్ళు కూడా, మేమున్నాం అని రాజ్యాంగంలో రాయించుకున్నారు. సభ, బడి, గుడి నిలబెట్టుకోకపోతే ఆ పేరు అక్కడికి ఎక్కేదా?

సిలికానాంధ్ర వాళ్ళు 2007లో మనబడి మొదలుపెట్టినప్పుడు నాకు తెలిసిన చాలామంది చప్పరించేశారు. ఉద్యోగాలు చేసుకునే వాలంటీర్లు వారాంతంలో చెప్పే చదువు ఎన్నాళ్ళుంటుంది అని. ఉంది, పెరిగింది కూడా. 2023లో లేఆఫుల్లో నా పాత సహోద్యోగి ఒకడి ఉద్యోగం పోయింది. హెచ్1బీ మీద ఉన్నవాడికి అరవై రోజుల గడువు, మీకు తెలిసిందే. ఇల్లు ఖాళీ చేసి, సామాను ఎక్కడ పెట్టాలో తెలియని స్థితిలో వాడికి గరాజు ఇచ్చింది ఎవరనుకున్నారు? ఆఫీసువాళ్ళు కాదు, మా కాలేజీ గ్రూపువాళ్ళం అసలే కాదు. వాళ్ళ పాపకి గుణింతాలు చెప్పే తెలుగు బడి టీచరుగారు. ఆ పాపకి గుణింతాలు ఇప్పటికీ పూర్తిగా రావు లెండి.

ఇక మా ఊరి సంగతి. మీలో చాలామందికి పటాన్‌చెరు అంటే రింగు రోడ్డు మీద ఒక ఎగ్జిటు. మాకు మాత్రం అది వలసలతో పుట్టిన ఊరు. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది, దేశం నలుమూలల నుంచి ఇంజనీర్లు వచ్చారు. 1972లో ఇక్రిశాట్ వచ్చింది, విదేశాల నుంచి శాస్త్రవేత్తలు వచ్చారు, వాళ్ళ పిల్లల కోసం ఇంటర్నేషనల్ స్కూలు వచ్చింది. పక్కనే కందిలో ఐఐటీ క్యాంపస్‌కి జపాన్ అప్పిచ్చింది. పారిశ్రామికవాడలు వచ్చాయి: పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం. వాటి వెంట బీహారు, ఒడిశా, యూపీ, జార్ఖండ్, బెంగాల్ నుంచి కూలీలు వచ్చారు. ఇస్నాపూర్ చౌరస్తాలో సాయంత్రం నిలబడండి, తెలుగు వెతుక్కోవాలి. పెద్ద చదువులవాళ్ళు వచ్చినప్పుడు బడి వాళ్ళ వెంటే వచ్చింది. కూలీలు వచ్చినప్పుడు రాలేదు. ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి. హైదరాబాదు చుట్టుపక్కల ఇటుక బట్టీలకి బొలాంగీర్, నువాపడా వైపు నుంచి వచ్చే కుటుంబాల పిల్లల కోసం, స్వచ్ఛంద సంస్థలూ ప్రభుత్వమూ కలిసి, బట్టీల దగ్గరే ఒడియా చెప్పే బడులు నడిపించారు, పుస్తకాలు ఒడిశా నుంచి తెప్పించి. బట్టీ సీజను అయిపోగానే ఆ పిల్లలు ఊరికి వెళ్ళి అక్కడి తరగతిలో కూర్చోవాలి కదా. అచ్చం 1902 నాటి సియాటిల్ లెక్కే.

2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. నలభై మందికి పైగా పోయారు. అందులో ఎక్కువమంది బయటి రాష్ట్రాలవాళ్ళు. గుర్తుపట్టడానికి వీల్లేక డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. కొందరి ఆనవాళ్ళు కూడా దొరకలేదు. వేల కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చిన అమ్మానాన్నలు ఆసుపత్రి దగ్గరా, ఫ్యాక్టరీ దగ్గరా రోజుల తరబడి ఎదురుచూశారు. వాళ్ళకి తెలుగు రాదు. ఎవరిని అడగాలో తెలియదు. ఆ వారం నేను అటువైపు ఆఫీసుకి వెళ్ళినప్పుడల్లా వెల్లర్ వీధి గుర్తొచ్చేది. ఇన్నేళ్ళుగా ఇన్ని వేల మంది ఒడియా, భోజ్‌పురి మాట్లాడేవాళ్ళు ఇక్కడ బతుకుతున్నారు. ఆ తల్లులు నేరుగా వెళ్ళి కూర్చోవడానికి, తమ భాషలో నాలుగు ముక్కలు అడగడానికి, ఇది మనవాళ్ళది అనుకునే గది ఒక్కటైనా నా కంట పడలేదు.

ఇప్పుడు తగువు. మా గేటెడ్ కమ్యూనిటీలో ఉండే ఒక ఒడియా ఆయన, ఫ్యాక్టరీలో సూపర్వైజరు, అసోసియేషనుని ఒక కోరిక కోరాడు. ఆదివారం పొద్దున రెండు గంటలు క్లబ్‌హౌసు హాలు ఇస్తే పిల్లలకి ఒడియా రాయడం, చదవడం నేర్పిస్తాడట. కాలనీ పిల్లలతో పాటు, మా వాచ్‌మెన్ల పిల్లలు, పక్క సైటులో పనిచేసే మేస్త్రీల పిల్లలు కూడా వస్తారు. అద్దె ఇస్తానన్నాడు. అంతే, గ్రూపులో మెసేజిల వాన. "బయటోళ్ళు లోపలికొస్తే సెక్యూరిటీ ఎట్ల?" అని ఒకరు. "మనోళ్ళకే తెలుగు రాక సస్తుంటే మల్ల వీళ్ళకి ఒడియా క్లాసులా భై" అని ఇంకొకరు. "ఇక్కడ బతకడానికొచ్చినప్పుడు ఇక్కడి భాష నేర్చుకోవాలె" అని మూడో ఆయన. ఈ మూడో ఆయనే మొన్న ఉగాదికి, డల్లాస్‌లో తన మనవరాలు తెలుగు బడి స్టేజీ మీద పద్యం చదువుతున్న వీడియో పెట్టాడు. నేను కూడా చప్పట్ల బొమ్మ పెట్టాను, పాప నిజంగా ముద్దుగా చెప్పింది.

ఆయన మాటలో న్యాయం లేదని అనను. ఇక్కడ ఉన్నవాళ్ళకి తెలుగు రావాలి. 2018లో తెలంగాణ ప్రభుత్వం అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది, నాకు అది మంచిదే అనిపించింది. ఆ ఒడియా పిల్లలు కూడా వారమంతా బడిలో తెలుగు చదువుతూనే ఉన్నారు. మేస్త్రీ గారి చిన్నోడు మా వాడికంటే శుభ్రంగా తెలుగు మాట్లాడతాడు. ఆయన అడిగింది మిగిలిన ఆ రెండు గంటలే. సియాటిల్ పిల్లలు కూడా పగలంతా ఇంగ్లీషు బడిలో చదివే, సాయంత్రం ఇటు వచ్చారు. సొంత భాషకి రెండు గంటలు ఇస్తే ఊరి భాష పోతుందన్న భయం ఎంత వట్టిదో సైన్యం లెక్కే చెబుతోంది కదా, 100కి 3!

ఇక సెక్యూరిటీ. పొద్దున్నే గేటు తీసేది, రాత్రి గేటు వేసేది ఆ పిల్లల నాన్నలే. అంతకంటే చెప్పేదేముంది.

వచ్చే నెల జనరల్ బాడీలో ఓటింగు ఉంది. హాలు ఇవ్వాలని నేను చేయెత్తుతాను, మిగతావాళ్ళనీ అడుగుతున్నాను. ఆ రెండు గంటల్లో ఎవరికీ గొప్ప ఒడియా వచ్చేయదని నాకు తెలుసు. కానీ పదిహేను కుటుంబాలు వారం వారం ఒకచోట కూర్చుంటాయి. ఎవరి ఊరు ఏదో, ఎవరు ఏ ఫ్యాక్టరీలో ఏ షిఫ్టులో ఉన్నారో, ఎవరి ఫోను నంబరు ఏమిటో ఒకరికొకరికి తెలుస్తుంది. రేపు మళ్ళీ ఏదైనా జరిగితే, వచ్చిన వాళ్ళమ్మకి ఎవరింటికి వెళ్ళాలో చెప్పేవాడు ఒకడుంటాడు.

డల్లాస్‌లో ఎవరో ఒక స్కూలువాళ్ళు వారాంతంలో మన పిల్లలకి గది తాళం ఇస్తున్నారు. పటాన్‌చెరులో మన దగ్గర ఒక తాళం ఉంది. మీ కాలనీల్లో కూడా ఉండే ఉంటుంది. ఎవరైనా వచ్చి అడిగితే ఏం చేస్తారు?